కళ్లు మూసుకుని గీసిన అక్షరాలు

పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశానికి ఆగ్నేయ మూల, అడవుల సీమలో, న్జెరెకోరె అనే ఊరుంది. 1980ల్లో ఆ ఊళ్లో ఇస్సాగా బారీ అనే పెద్దమనిషి ఇంటికి జనం ఉత్తరాలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆయనకు అరబ్బీ చదవడం వచ్చు. వచ్చినవాళ్లు ఫులానీ జాతివాళ్లు. ఉత్తరంలోని మాటలు వాళ్ల ఇంటి భాష పులార్‌లోనే ఉండేవి, రాత మాత్రం అరబ్బీ అక్షరాల్లో. చదివిపెట్టమని, జవాబు రాసిపెట్టమని అడిగేవాళ్లు. ఆయనకు తీరిక లేనప్పుడు, అలసిపోయినప్పుడు ఆ పని కొడుకుల మీద పడేది. పెద్దవాడు ఇబ్రహీమా, చిన్నవాడు అబ్దులాయ్. పోస్టుమాన్ని గుమ్మంలో నిలబెట్టి ఉత్తరం చదివించుకున్న అమ్మమ్మలు మనకూ ఉన్నారు. అయితే న్జెరెకోరెలో చదివేవాడికి కూడా ఆ ఉత్తరం సుళువుగా లొంగేది కాదు.

కారణం అక్షరాల్లోనే ఉంది. పులార్‌లో మామూలు బ, డ, య ఉన్నాయి. గాలిని లోపలికి లాగుతూ పలికే బ, డ, య మరో మూడు ఉన్నాయి. ధ్వని మారితే మాట మారిపోతుంది. అరబ్బీ లిపిలో ఆ రెండో రకానికి చోటు లేదు. ఒకాయన ఒక అక్షరం వాడితే ఇంకొకాయన మరోటి వాడేవాడు. రాసినవాడి అలవాటు తెలిస్తే తప్ప ఉత్తరం తెగేది కాదు.

అంతమాత్రాన ఫులానీలకు రాత లేదనుకుంటే పొరపాటు. ఆఫ్రికా భాషల్ని అరబ్బీ అక్షరాల్లో రాసే పద్ధతిని అజమీ అంటారు. గినీలోని ఫూటా జాలోన్ కొండల్లో ఈ రాతకు గట్టి సంప్రదాయం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ చనిపోయిన తియెర్నో సంబా మొంబెయా అనే పండితుడు సొంత భాషలో చెబితేనే జనానికి ఎక్కుతుందని పట్టుబట్టి, మతధర్మాన్ని పులార్ పద్యాల్లో రాశాడు. ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు వచ్చారు. బడి ఫ్రెంచిలో, కచేరీ ఫ్రెంచిలో నడిచాయి. 1958 అక్టోబరు 2న గినీకి స్వాతంత్ర్యం వచ్చింది. అధ్యక్షుడు సెకూ తూరే ప్రభుత్వం 1968 నుంచి బడుల్లో దేశభాషల్ని పెట్టింది. 1984లో ఆయన చనిపోగానే బళ్లు మళ్లీ ఫ్రెంచికి మళ్లాయి. లాటిన్ అక్షరాల సంగతీ అంతే. 1966లో బమాకోలో యునెస్కో జరిపిన సమావేశం పశ్చిమ ఆఫ్రికా భాషలకు కొక్కేలు తగిలించిన లాటిన్ అక్షరాల్ని సూచించింది. గినీ మాత్రం తనదైన పద్ధతి ఒకటి నడుపుకుని, 1989లో దాన్ని వదిలి బమాకో దారికి దగ్గరైంది. అంటే ఒక్క తరంలోనే ఒకే భాష అరబ్బీలో ఒకలా, పాత లాటిన్‌లో ఒకలా, కొత్త లాటిన్‌లో మరోలా. చివరికి సామాన్యుడు ఉత్తరం పట్టుకుని ఇస్సాగా బారీ గుమ్మం ఎక్కాల్సిందే.

అదే 1989లో ఆ ఇంట్లో పిల్లలిద్దరూ గదిలో కూర్చుని నోటుపుస్తకాల్లో గీతలు గీయడం మొదలుపెట్టారు. పెద్దవాడికి పద్నాలుగేళ్లు, చిన్నవాడికి పదేళ్లు. మన భాషకు మన అక్షరాలు ఎందుకు లేవు అన్న ప్రశ్న వాళ్లకు ఉత్తరాలు చదివి చదివి పుట్టింది. వాళ్లు పనిచేసిన తీరు నాకు మహా ముచ్చట. కళ్లు మూసుకుని కాగితం మీద గీతలు గీసేవాళ్లు. కళ్లు తెరిచి చూసి, బాగున్న రూపాన్ని ఏరుకుని దానికి ఒక ధ్వనిని అంటగట్టేవాళ్లు. పెద్ద పండితుడైతే తెలిసిన లిపుల్ని ముందేసుకుని అక్కడో కొమ్ము, ఇక్కడో సున్నా తీసుకునేవాడు. పిల్లలు కాబట్టి కళ్లు మూసుకున్నారు. చూసిన అక్షరాల నీడ చేతి మీద పడకుండా ఉండాలంటే అంతకన్నా మంచి ఉపాయం నాకు తోచదు.

ఆరు నెలల్లో లిపి తయారైంది. 28 అక్షరాలు, అందులో అచ్చులు అయిదు. రాత కుడి నుంచి ఎడమకు, ఎందుకంటే పిల్లలు ముందు నేర్చింది ఖురాన్ చదువు. అయితే లాటిన్‌లో లాగా పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరు వేరుగా పెట్టుకున్నారు. అంకెలు సొంతంగా చేసుకున్నారు. ప్రశ్నకూ ఆశ్చర్యానికీ వాక్యం మొదట్లోనే పెట్టే గుర్తులు చేసుకున్నారు. చదివేవాడు గొంతు ముందే సర్దుకోవచ్చు కదా! ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన నాకు ఈ గుర్తు చూస్తే కొంచెం ఈర్ష్య. ప్రశ్న అని తెలియక వాక్యం చివరిదాకా చదివి, మళ్లీ వెనక్కొచ్చి ప్రశ్నలా చదువుకున్న సందర్భాలు మనందరికీ ఉన్నాయి.

పెద్దలు ఊరికే నమ్మలేదు. అన్నని బయటికి పంపి తమ్ముడికి మాటలు చెప్పి రాయించడం, తర్వాత అన్నని పిలిచి చదివించడం, ఇలా పరీక్ష పెట్టారు. చెప్పింది చెప్పినట్టు వచ్చింది. పరీక్ష నెగ్గాక పిల్లలు చేసిన పనే అసలు పని. చెల్లెలికి నేర్పారు. సంతలో కూర్చుని వచ్చినవాళ్లకు నేర్పారు. నేర్చుకున్న ప్రతివాడూ కనీసం ముగ్గురికి నేర్పాలని షరతు పెట్టారు. ఉన్న పుస్తకాల్ని ఈ లిపిలోకి చేత్తో ఎత్తిరాశారు. సొంతంగా చిన్న పుస్తకాలు రాశారు. వాటిలో కావ్యాలు లేవు. పసిపిల్లల పెంపకం ఒక పుస్తకం, నీళ్లు వడకట్టడం ఇంకో పుస్తకం. సంతకి వచ్చిన ఆడమనిషి ఉప్పూ కాయా కొనుక్కుని, పోతూ పోతూ అక్షరాలు కూడా పట్టుకుపోయిందంటే కారణం ఇదేనని నా నమ్మకం. ఫులానీలు మొదటి నుంచీ పశువుల మందల వెంట తిరిగే జనం, పైగా వ్యాపారులు. సెనెగల్ నుంచి సూడాన్ దాకా ఇరవై దేశాల్లో చెదిరి ఉన్నారు. భాష మాట్లాడేవాళ్లు నాలుగు కోట్లకు పైనే. నోటుపుస్తకాలు వాళ్ల మూటల్లో సరిహద్దులు దాటాయి.

ఆఫ్రికాలో సొంత లిపి పుట్టడం ఇదే మొదలు కాదు. కామెరూన్ కొండల్లోని ఫుంబాన్ రాజధానిగా బముమ్ రాజ్యం ఉంది. దాని రాజు న్జోయా 1896 ప్రాంతంలో ఒక కల కన్నాడని అక్కడి కథ. పలక మీద మనిషి చెయ్యి గీసి, కడిగి, ఆ నీళ్లు తాగమని కలలో ఎవరో చెప్పారట. లేచి అలాగే చేశాడు. జనాన్ని పిలిచి ఒక్కో వస్తువు బొమ్మా గీయించి పేర్లు పెట్టించాడు. మొదట సుమారు 500 గుర్తులు. నచ్చలేదు. తగ్గించాడు, మళ్లీ తగ్గించాడు. 1910 నాటికి 80 గుర్తుల లిపి మిగిలింది. ఒక మనిషి బతికుండగా, ఒకే చేతిలో, బొమ్మలు అరిగి అక్షరాలైన చరిత్ర అంతా నడిచింది. మామూలుగా దానికి వందల ఏళ్లు పడుతుంది.

న్జోయా ఒట్టి రాజు కాదు, పనివాడు. ఆ లిపిలో తన జాతి చరిత్రా ఆచారాలూ రాయించాడు, బళ్లు పెట్టాడు, రాజ్యాన్ని కొలిపించి పటం గీయించాడు, మొక్కజొన్న పిండి పట్టే యంత్రం చేయించాడు. చివరికి రాగితో అచ్చు అక్షరాలు పోతపోయించి ముద్రణకు దిగాడు. అచ్చు పని ఎరిగినవాణ్ని కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. సీసం కూడా కాదు, రాగి! గాజు మీద అక్షరం గీయడమంత మొండి పని. సీసం సుళువుగా కరుగుతుంది, అచ్చులోకి సుళువుగా దిగుతుంది. రాగికి దానికన్నా మూడు రెట్లు వేడి కావాలి. ఫుంబాన్‌లో ఇత్తడి పోతపోసే కంచరివాళ్లు ముందే ఉండటం వల్ల ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. ఆ ముద్రణాలయం నిలవలేదు. అప్పటి పాలకులు జర్మన్లు చూసీ చూడనట్టు ఉన్నారు గానీ, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన ఫ్రెంచి పాలకులు బళ్లు మూయించారు, రాజు అధికారం లాగేసుకున్నారు, 1931లో యవుండేకి ప్రవాసం పంపారు. 1933లో న్జోయా అక్కడే పోయాడు. లిపి రాజభవనంలో, కొన్ని ఇళ్ల పెట్టెల్లో మిగిలింది.

బారీ సోదరుల సొంత దేశంలోనే మరో ఉదాహరణ ఉంది. గినీలోని కాంకాన్ ప్రాంతంవాడైన సులేమాన్ కాంతే 1944లో ఒక లెబనాన్ పత్రికా రచయిత రాసింది చదివాడు. ఆఫ్రికా భాషలు రాతకు లొంగవని దాని సారాంశం. కోపం వచ్చింది. అరబ్బీలో తన మాండే భాషని రాసి చూశాడు, లాటిన్‌లో రాసి చూశాడు, రెండూ కుదరలేదు. 1949 ఏప్రిల్ 14న ఎన్‌కో లిపిని బయటపెట్టాడు. 1987లో చనిపోయేదాకా వ్యాకరణం, చరిత్ర, వైద్యం, మతం, ఏది దొరికితే అది ఆ లిపిలో రాస్తూనే ఉన్నాడు. శిష్యులు ఆ రాతల్ని చేత్తో నకళ్లు ఎత్తుతూనే ఉన్నారు. న్జోయా లిపికి సింహాసనం అండగా ఉండి, సింహాసనంతోపాటే పడింది. ఎన్‌కోకి సంతలూ శిష్యులూ అండ. ఫ్రెంచి పాలన పోయింది, సెకూ తూరే పోయాడు, ఎన్‌కో ఉంది. బారీ పిల్లలు ఈ రెండో దారినే పట్టారు. తెలిసి పట్టారో తెలియక పట్టారో గానీ, మంచి దారి.

కానీ సంత దారిలోనూ ప్రమాదం ఉంది. అన్నదమ్ములు చదువుకి రాజధాని కొనాక్రీ చేరాక అక్కడ అభిమానులతో ఒక సంఘం కట్టారు. వార్తాపత్రిక నడిపారు. ఆ రోజుల్లోనే 2002లో ఇబ్రహీమాని పట్టుకుపోయి మూడు నెలలు జైల్లో పెట్టారు. నేరం మోపలేదు. తెలియని అక్షరాల్లో నలుగురూ ఏదో రాసుకుంటుంటే సర్కారుకి నిద్ర పట్టదు. ఫులానీల మీద సెకూ తూరే కాలంలో జరిగిన వేధింపులు ఎరిగిన దేశంలో ఆ మూడు నెలలు చిన్న విషయం కాదు. బయటికొచ్చి మళ్లీ అదే పనిలో పడ్డాడు.

2003లో అబ్దులాయ్ అమెరికాలోని పోర్ట్‌లాండ్ వెళ్లాడు. 2007లో ఇబ్రహీమా కూడా వెళ్లాడు. సివిల్ ఇంజనీరింగు చదువు ఒక పక్క, లిపి ఒక పక్క. చేతిరాత పుస్తకాల్ని ఎంతకాలం నకళ్లు తీస్తారు? కంప్యూటర్లోకి ఎక్కించాలి. సియాటిల్‌లో ఒక సంస్థకు తమ డబ్బిచ్చి ఫాంటూ కీబోర్డూ చేయించుకున్నారు. ఆ ఫాంటు అరబ్బీ అక్షరాల స్థానాల్లో కూర్చుంది. అంటే కంప్యూటర్ లోపల ఉన్నది అరబ్బీ కోడే. పైన తొడిగిన వేషం మాత్రం అడ్లామ్. మొదటి నాలుగు అక్షరాలు కలిపి ఆ లిపికి పెట్టుకున్న పేరు అది. మనం ఓనమాలు అన్నట్టు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో రాత ముత్యాల్లా కనపడుతుంది. అదే ఫైలు ఫాంటు లేని చోటికి పంపితే అర్థంలేని అరబ్బీ అక్షరాల పోగు.

ఈ బాధ చెబితే తెలుగు డీటీపీవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ట్రెడిల్ దగ్గర కేసుల్లోంచి సీసపు అక్షరాలు ఏరుతూ మొదలెట్టి, పేజ్‌మేకర్ మీదికి మారినవాణ్ని. ఆనాటి తెలుగు ఫాంట్లన్నీ ఇదే పద్ధతి. ఇంగ్లీషు అక్షరం స్థానంలో తెలుగు ముక్క కూర్చునేది. తలకట్టు ఒక మీట, వత్తు ఒక మీట. అక్షరం ఒకటి, దాని కింద కొక్కెం ఒకటి, విడివిడి ముక్కలు అతికించి ఒక గుణింతం తయారుచేసేవాళ్లం. పక్కవీధి ప్రెస్సులో వేరే కంపెనీ ఫాంటు ఉంటే మన ఫైలు వాళ్లకి పనికిరాదు. మెయిల్లో పంపితే అవతలివాళ్లకి ఇంగ్లీషు అక్షరాల చెత్త కనపడేది. పైగా ఆ ఫైల్లో ఒక మాట వెతకడం కుదరదు, అకారాది క్రమంలో పెట్టడం కుదరదు. కంప్యూటరు దృష్టిలో అది తెలుగు కాదు మరి. లోకంలోని లిపుల్లో ప్రతి అక్షరానికీ ఒక స్థానం కేటాయించే ఉమ్మడి పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకి 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే స్థానం ఉంది. ఐనా మన పత్రికా కార్యాలయాలు చాలా ఏళ్లు ఆ వైపు చూడలేదు. స్థానం లేక బారీ సోదరులు అల్లాడారు. స్థానం ఉండి మనం వాడుకోలేదు.

ఇబ్రహీమా పోర్ట్‌లాండ్ కమ్యూనిటీ కాలేజీలో కాలిగ్రఫీ తరగతిలో చేరాడు. నా దృష్టిలో కథ మలుపు తిరిగింది ఇక్కడే. లిపిని పుట్టించినవాడు, అక్షరానికి అందం దిద్దడం నేర్చుకుందామని బెంచీ మీద కూర్చున్నాడు. ఇతను గీస్తున్నది ఏ లిపి అని అడిగి తెలుసుకున్న టీచరు ఆశ్చర్యపోయి, రీడ్ కాలేజీలో జరిగే కాలిగ్రఫీ సమావేశంలో మాట్లాడించింది. అలా ఒకరి నుంచి ఒకరికి పరిచయాలు పెరిగి మైకేల్ ఎవర్సన్ దాకా దారి దొరికింది. ప్రపంచంలో చాలా చిన్న లిపులకు యూనికోడ్ దరఖాస్తులు రాసినవాడు ఆయన. 2014 అక్టోబరులో అడ్లామ్ సవరించిన ప్రతిపాదన తయారైంది.

దరఖాస్తు అంటే ఫారం నింపడం కాదు. ఈ లిపి నిజంగా వాడుకలో ఉందా, ఎవరు వాడుతున్నారు, అచ్చయిన నమూనాలేవి, అక్షరాలు ఎలా కలుస్తాయి, అంకెలు ఏ వైపు నడుస్తాయి, ఇవన్నీ రుజువు చేయాలి. సంతల్లో అమ్మిన ఆ చేతిరాత పుస్తకాలూ పత్రికలూ ఇక్కడ సాక్ష్యానికి వచ్చాయి. 2016 జూన్‌లో యూనికోడ్ 9.0 వెలువడింది. అందులో అడ్లామ్‌కి 87 స్థానాలు: పెద్ద అక్షరాలు 34, చిన్నవి 34, పైన పెట్టే గుర్తులు 7, అంకెలు 10, వాక్యం మొదట్లో పెట్టే ఆ రెండు గుర్తులు. మొదట ఉన్న 28కి ఇతర ధ్వనుల కోసం ఆరు కలిపితే 34 అయ్యాయి. ఎన్‌కోకి 2006లో, న్జోయా లిపికి 2009లో అప్పటికే స్థానాలు దక్కాయి. ప్రవాసంలో పోయిన రాజుగారి అక్షరాలు 76 ఏళ్ల తర్వాత ఆ పట్టికలో చేరాయి.

స్థానం దొరకగానే అయిపోదు. తెలుగు అక్షరాలు పట్టికలో 3072వ స్థానం నుంచి మొదలవుతాయి. అడ్లామ్ మొదలయ్యేది 1,25,184 దగ్గర. 65 వేల పైనున్న స్థానాల్ని పట్టించుకోని పాత సాఫ్ట్‌వేర్ లోకంలో ఇంకా చాలా ఉంది. దాని కంటికి అడ్లామ్ ఖాళీ డబ్బాలే. పైగా ఈ లిపి కుడి నుంచి ఎడమకు నడవాలి, పక్క అక్షరంతో కలిసిపోవాలి, మీద గుర్తులు మోయాలి. పాతికేళ్లకు పైగా యూనికోడ్‌లో ఉన్న తెలుగుకే 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? జ్ఞా అనే ఒక్క అక్షరం వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. కొత్తగా వచ్చిన లిపికి ఇంకెన్ని తిప్పలో ఊహించుకోవచ్చు.

గూగుల్ నోటో ఫాంట్లలో అడ్లామ్ వచ్చింది. 2019 మే నెలలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌లో చేరింది. ఆ ఏడే అక్షర రూపాల్లో కొన్ని దిద్దుబాట్లూ జరిగాయి. మూడు దశాబ్దాల వాడుకలో చేతికి ఏది సుఖంగా ఉందో చూసి మార్చారు. లిపి చేసినవాళ్లే బతికుండి ఫాంటు ప్రూఫు దిద్దడం ఏ అచ్చుపనివాడికీ దక్కని భోగం. ఆ తర్వాత విండోస్ చేసే కంపెనీ ఫులానీ నేత దుప్పట్ల మీది రేఖల్ని చూసి అడ్లామ్ డిస్‌ప్లే అనే ఫాంటు గీయించి, దాని మీద ఒక ప్రచారం నడిపింది. 2023లో ఆ ప్రచారానికి కాన్ లయన్స్ పోటీలో బహుమతి వచ్చింది. ఫాంటు బాగుంటుంది, ఒప్పుకుంటాను. ప్రచార చిత్రం చూస్తే మాత్రం ఒక పెద్ద కంపెనీ వచ్చి ఒక జాతికి అక్షరదానం చేసినట్టు అనిపిస్తుంది. వరస అది కాదు. 1989 నోటుపుస్తకం, సంత, ముగ్గురికి నేర్పే షరతు, నీళ్లు వడకట్టే పుస్తకం, జైలు, సొంత డబ్బుతో చేయించుకున్న ఫాంటు, ఇవన్నీ గడిచాక కంపెనీ వచ్చింది. బహుమతి ఎవరిదో తేల్చాల్సి వస్తే నా ఓటు చేత్తో నకళ్లెత్తినవాళ్లకి.

బారీ సోదరులకు ఇంకో పని మిగిలింది. 2016కి ముందు ఆ పాత ఫాంటులో కొట్టిన పేజీలు కొత్త కోడ్‌లోకి మార్చితే తప్ప ఏ ఫోనులోనూ సరిగ్గా కనపడవు. ఈ పని మనకీ ఉంది, చాలా పెద్దదిగా ఉంది. 1990ల నుంచి తెలుగులో డీటీపీ చేసిన పుస్తకాలు, చిన్న పత్రికలు, ఊరి చరిత్రలు, కళాశాల సంచికలు పాత సీడీల్లో, పనిచేయని హార్డ్‌డిస్కుల్లో, ఎవరూ కొనని ఫాంటు కోడ్‌లలో పడి ఉన్నాయి. మీ ఇంట్లో, మీ ప్రెస్సులో అలాంటివి ఉంటే, ఆ ఫాంటు నడిచే పాత కంప్యూటరు ఇంకా లేచి కూర్చుంటుండగానే యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి. మార్చే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. వత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి కాబట్టి ఒకసారి ప్రూఫు చదవక తప్పదు.